నోటుకు కాలదోషం పడితే బాకీ తీరినట్టేనా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో నాలుగింటిని ఇక్కడ తీసుకుంటున్నాము. రాసినవారి ఊళ్లు వేరు, కష్టాలు వేరు. అయినా, చట్టం ఒకటి చెబుతుంటే మనసు మరొకటి చెప్పినప్పుడు దేని మాట వినాలన్నదే నలుగురూ అడిగారు. వారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాన్నగారు 2015లో మా ఊరి రైతు ఒకాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు అప్పు తీసుకుని ప్రామిసరీ నోటు రాసిచ్చారు. ఆ డబ్బుతో చీనీ తోటలో బోరు వేయించారు. నాన్నగారు 2021లో పోయారు. నోటు వెనక ఒక్క చెల్లు కూడా లేదు, దాన్ని తిరగరాసిందీ లేదు. ఇప్పుడు ఆ పెద్దాయన వైద్యం ఖర్చులకు ఇబ్బంది పడుతూ బాకీ సంగతి చూడమని అడుగుతున్నారు. ఆ నోటు చెల్లదనీ, ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదనీ మా లాయరు చెప్పారు. తమ్ముడిదీ అదే మాట. అమ్మ మాత్రం "ఇచ్చేయ్ నాయనా" అంటోంది. చట్టమే అక్కరలేదన్నప్పుడు ఇవ్వకపోతే తప్పవుతుందా?

జవాబు: మీ లాయరు చెప్పినదాంట్లో పొరపాటు లేదు. అడిగినప్పుడు చెల్లించే షరతుతో రాసిన నోటు మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు, నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ గడువు లోపల మీ నాన్నగారు బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ సంతకం చేసి ఏదైనా కాగితం ఇచ్చినా, కొంత సొమ్ము కట్టి నోటు వెనక స్వయంగా చెల్లు రాసినా, అప్పటి నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలయ్యేది. ఆ రెండూ జరగలేదు కాబట్టి 2018లోనే నోటుకు కాలదోషం పట్టింది. ఇప్పుడు ఆయన దావా వేస్తే, మీ తరఫు లాయరు ఆ సంగతి ఎత్తడం మరిచిపోయినా సరే, కోర్టు తనంతట తానే దాన్ని కొట్టివేయవలసి ఉంటుంది. చట్టం అంత స్పష్టంగా ఉంది.

అయితే ఆ చట్టం ఎంతవరకు మాట్లాడిందో, ఎక్కడ ఆగిందో కూడా చూడాలి. గడువు దాటిన అప్పును కోర్టు ద్వారా రాబట్టుకునే దారిని అది మూసింది. అప్పే లేదని మాత్రం ఎక్కడా అనలేదు. భూమి విషయంలోనైతే, స్వాధీనం కోసం దావా వేయవలసిన గడువు దాటితే హక్కే అంతరించిపోతుందని ఇదే చట్టంలోని 27వ సెక్షన్ విడిగా చెప్పింది. అప్పుల గురించి అలాంటి మాట లేదు. కాలం చెల్లిన బాకీ తీరుస్తానని ఎవరైనా రాతపూర్వకంగా సంతకం చేసి మాట ఇస్తే ఆ మాట చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ అంటోంది. బాకీదారు ఏ అప్పు కిందకో చెప్పకుండా కొంత సొమ్ము కడితే, అప్పిచ్చినవాడు దాన్ని గడువు దాటిన బాకీ కింద కూడా జమ కట్టుకోవచ్చని 60వ సెక్షన్ అంటోంది. అంటే మీరు తీర్చదలిస్తే దాన్ని చట్టం బాకీ తీర్చడంగానే చూస్తుంది. ఒకసారి ఇచ్చాక, కాలదోషం పట్టిన అప్పు కదా అని ఆ సొమ్మును వెనక్కి అడగడానికి కూడా వీలుండదు.

ఇక్కడ మీరు నిదానంగా ఆలోచించవలసింది, చట్టం ఆ తలుపు ఎందుకు మూసిందన్నది. ఏళ్లు గడిచేకొద్దీ నోటు రాసిన లేఖరి ఉండడు, సాక్షి సంతకం చేసినవాడు ఉండడు, కట్టిన సొమ్ముకు తీసుకున్న రసీదులు ఎక్కడో పోతాయి. ఎప్పుడో తీరిపోయిన నోటు పాత పెట్టెలోంచి బయటికి వచ్చి, ఏమీ తెలియని కొడుకు మీద దావాగా మారే ప్రమాదం ఉంటుంది. దొంగ సంతకంతో నోటు పుట్టించడం మన జిల్లాల కోర్టులకు కొత్త సంగతి కాదు. బయటి నుంచి చూసే న్యాయమూర్తి, ఇన్నేళ్ల తరువాత ఏది నిజమో తేల్చడం కష్టం కాబట్టి, ఎవరికీ అన్యాయం జరగకుండా ఒక గీత గీసి అక్కడితో ఆపారు. ఆ గీత అవసరమే, దాన్ని నేను గౌరవిస్తాను. కాని ఆ కారణాల్లో మీకు వర్తించేది ఏముంది? అప్పు తీసుకున్నది నిజమని మీకు తెలుసు. ఆ డబ్బుతో వేసిన బోరు తెలుసు. అది తిరిగి చెల్లించలేదనీ తెలుసు. సాక్ష్యం దొరకని న్యాయమూర్తి కోసం చేసిన ఏర్పాటు వెనక, నిజం పూర్తిగా తెలిసిన మనిషి దాక్కోవడం నాకు సరైనదిగా కనిపించడం లేదు. లాయరు చెప్పాక కూడా మీ మనసు కుదుటపడకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

ఈ విషయంలో మన న్యాయచరిత్ర కూడా తెలుసుకోదగ్గది. తండ్రి చేసిన అప్పు తీర్చడం కొడుకు ధర్మమని పాత హిందూ న్యాయం చెప్పింది. బ్రిటిషు కాలం నుంచీ కోర్టులు ఆ ధర్మాన్ని చట్టంగానే అమలు చేశాయి. జూదానికో తాగుడుకో చేసిన అప్పులను అవ్యావహారిక ఋణాలని వేరు చేసి, వాటి భారం కొడుకు మీద పడదన్నాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చినప్పుడు, పుత్రధర్మం ఒక్కటే ఆధారంగా కొడుకుల మీద, మనుమల మీద, మునిమనుమల మీద అప్పు రాబట్టుకునే హక్కును కోర్టులు ఇక గుర్తించరాదని అందులో రాశారు. ఆ సవరణ 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చింది. ధర్మాన్ని కోర్టు అమలు చేయడం మానుకుంది. పాటించాలా వద్దా అన్నది ఇప్పుడు మీ చేతికి వచ్చింది. అంతేగాని, ఆ ధర్మం తప్పని పార్లమెంటు తీర్పు చెప్పినట్టు కాదు.

మీ పరిస్థితిలో ఆ ధర్మాన్ని బలపరిచే సంగతి మరొకటి ఉంది. చనిపోయినవారి బాకీకి వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులన్నది చట్టంలో స్థిరపడిన సూత్రం. గడువు దాటని అప్పయినా మీ సొంత సంపాదన జోలికి ఎవరూ రాలేరు. కాని మీరు ఉత్తరంలో చెప్పినదాన్ని బట్టి, ఆ రెండు లక్షలు వెళ్లింది చీనీ తోటలోని బోరుకు. ఆ తోట ఇప్పుడు మీ అన్నదమ్ములది. అనంతపురం జిల్లాలో బోరులో నీళ్లు పడటమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఆ నీళ్ల ఫలం అనుభవిస్తూ ఆ డబ్బు ఇచ్చినవాడిని ఖాళీ చేతులతో పంపడం ఎలా సబబవుతుంది?

వడ్డీ సంగతి వేరు, అందులో మీరు పట్టుబట్టడానికి అవకాశం ఉంది. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పదేళ్లకు రెండు లక్షల మీద వడ్డీయే నాలుగు లక్షల ఎనభై వేలవుతుంది. అంత మొత్తం కట్టి తీరాలని నేను చెప్పను. వడ్డీ పెరిగి పెరిగి రైతును మింగకూడదన్న ఆలోచన మన ప్రాంతపు చట్టాల్లో ఎప్పటి నుంచో ఉంది. రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం తెచ్చింది. అప్పటికి పాతబడిన బాకీల్లో, అసలుకు రెట్టింపు సొమ్ము ఏ రూపంలో చెల్లించి ఉన్నా అప్పు పూర్తిగా తీరినట్టే లెక్కించాలని అది చెప్పింది. నా అభిప్రాయంలో అసలు రెండు లక్షలూ బేరం లేకుండా ఇవ్వవలసినవే. వడ్డీ మాత్రం, ఆ సొమ్ము బ్యాంకులో వేసుకుని ఉంటే ఆయనకు ఎంత వచ్చేదో అంతకు తగ్గకుండా, అసలును మించకుండా, ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆయన మీ నాన్నగారి మీద నమ్మకంతోనే నోటు తిరగరాయించుకోలేదేమో, కోర్టుకు వెళ్లలేదేమో కూడా ఆలోచించండి. అలా ఓర్చుకున్న మనిషే ఇప్పుడు గడువు దాటిపోయి నష్టపోతున్నాడు. గడువులోపే దావా వేసి మీ నాన్నగారిని కోర్టు చుట్టూ తిప్పి ఉంటే ఆయన డబ్బు ఆయనకు వచ్చి ఉండేది.

ఇచ్చే పద్ధతిలో జాగ్రత్త అవసరం. మొహమాటానికి పోయి మీ పేరుతో కొత్త నోటు రాసివ్వకండి. అలా రాస్తే బాకీ మొత్తం మీ సొంత అప్పుగా మారి, చట్టం మళ్లీ మీ మీద పనిచేయడం మొదలుపెడుతుంది. ముందు మొత్తం ఎంతన్నది ఒప్పుకుని, బ్యాంకు ద్వారా చెల్లించి, పాత నోటు మీద పూర్తిగా చెల్లినట్టు ఆయన చేత రాయించి సంతకం తీసుకుని, ఆ నోటు వెనక్కి తీసుకోండి. వాయిదాల్లో ఇచ్చేటట్లయితే ప్రతి వాయిదాకూ చెల్లు రాయించండి. తమ్ముడి విషయంలో ఒక మాట. మీ అంతరాత్మ మీది, దాన్ని అతని మీద రుద్దే అధికారం మీకు లేదు. అమ్మ కన్నీళ్లను సాక్ష్యంగా పెట్టి అతన్ని లొంగదీయడం కూడా మంచిది కాదు. నేను పైన చెప్పిన తోట సంగతి అతనికీ చెప్పండి. కాదంటే మీ వంతు మీరు ఇవ్వండి, మీ శక్తి అనుమతిస్తే అతని వంతు కూడా.

ప్రశ్న: నేను కర్నూలులో విశ్రాంత ఉపాధ్యాయుడిని. వివాహేతర సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి నా మనసు కలవరపడుతోంది. చట్టమే నీతిని వదిలేస్తే సమాజం ఏమవుతుంది?

జవాబు: మీ ఆవేదన అర్థమవుతోంది. అయితే కోర్టు దేన్ని కొట్టివేసిందో ఒకసారి చూడండి. 2018 సెప్టెంబరు 27న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ 1860 నాటిది. పరాయివాడి భార్యతో, ఆ భర్త సమ్మతి గాని ఉపేక్ష గాని లేకుండా సంబంధం పెట్టుకున్న పురుషుడికి అది అయిదేళ్ల వరకు జైలు అన్నది. భర్త సమ్మతిస్తే నేరమే లేదు! తప్పు చేసిన మగవాడి భార్యకు ఫిర్యాదు చేసే హక్కు లేదు. అవివాహితతోనో వితంతువుతోనో సంబంధం పెట్టుకుని కట్టుకున్న భార్యను ఎంత ఏడిపించినా ఆ సెక్షన్‌కు పట్టలేదు. భార్యను భర్త సొత్తుగా చూసిన ఆ వాక్యంలో, మీరు ఇన్నేళ్లు పిల్లలకు బోధించిన నీతి ఎక్కడుంది?

ఆ ప్రవర్తన మంచిదని కోర్టు చెప్పలేదు. హిందూ వివాహ చట్టం ప్రకారం అది ఇప్పటికీ విడాకులకు కారణమే. శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ పాత నేరాన్ని మళ్లీ చేర్చలేదు. నిజానికి మన ఇళ్లలో దాంపత్యం నిలబడింది 497వ సెక్షన్‌కు భయపడి కాదు, ఆ సెక్షన్ పేరు కూడా వినని దంపతులే ఎక్కువ. ఒకరికొకరు ఇచ్చుకున్న మాటను తప్పినవారు ముందుగా జవాబు చెప్పవలసింది ఆ రెండోవారికి, ఆ తరువాత పిల్లలకు. ఆ జవాబును పోలీసు స్టేషన్‌లో చెప్పించాలంటే పోలీసులు పడకగదిలోకి రావలసి ఉంటుంది. అందువల్ల కలిగే హాని ఎక్కువని కోర్టు భావించింది. ఆ నిర్ణయంతో నేను ఏకీభవిస్తాను. భార్యాబిడ్డలను పోషించకుండా వదిలేసినవాడి నుంచి మనోవర్తి ఇప్పించే చట్టం ఎప్పటిలాగే ఉంది, దాన్ని గట్టిగా అమలు చేయమని అడగడంలో మీ గొంతు కలపండి.

ప్రశ్న: అనంతపురం నుంచి కర్నూలుకు రాత్రిపూట కుటుంబంతో కారులో వెళ్తూ, గుత్తి దాటాక రోడ్డు పక్కన మోటారు సైకిలుతో సహా పడి ఉన్న మనిషిని చూశాను. పోలీసులు, కోర్టులు అంటే భయపడి ఆగలేదు, ఎవరికీ ఫోను కూడా చేయలేదు. నేను ఏ చట్టమూ ఉల్లంఘించలేదని స్నేహితులు ధైర్యం చెబుతున్నారు. అది నిజమేనా?

జవాబు: నిజమే. ప్రమాదం చేసిన వాహనం డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది గాని, దారినపోయేవారు ఆగి తీరాలని మన దేశంలో సాధారణ చట్టమేదీ లేదు. ఆ సమయంలో మీ ఎదుట ఎంత ప్రమాదం ఉందో, కారులో ఎవరెవరు ఉన్నారో బయటివారు కొలవలేరు కాబట్టి దాన్ని మీకే వదిలారు. రాత్రివేళ పిల్లలతో నిర్మానుష్యమైన చోట ఆగకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఫోను చేయకపోవడం తప్పు. 108కి గాని, జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి గాని కారు ఆపకుండానే మీ పక్కనున్నవారు చెప్పి ఉండవచ్చు.

మీరు చెప్పిన భయానికి ఇప్పుడు చట్టంలో ఆధారం లేదు. సాయం చేసినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు అందరూ పాటించి తీరాలన్నది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134-ఏ సెక్షన్ చేర్చి, మంచి మనసుతో సాయపడినవారి మీద సివిలు, క్రిమినలు బాధ్యత ఉండదని రాశారు. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టరాదు, ఆసుపత్రిలో నిలబెట్టరాదు. ఈ సంగతి మీ స్నేహితులకు కూడా చెప్పండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. గట్టు తగాదాలో మా మేనమామ కొడుకు పక్క చేను రైతును కట్టెతో కొట్టగా ఆయన చెయ్యి విరిగింది. నేను అక్కడే ఉన్నాను, పోలీసులు నా వాంగ్మూలం రాసుకున్నారు. ఆ తరువాత ఊరి పెద్దలు కూర్చోబెట్టి మూడు లక్షలు ఇప్పించి రాజీ చేశారు. ఇప్పుడు కేసు విచారణకు వచ్చింది. దెబ్బ తిన్నాయన తానే జారి పడ్డానని చెబుతాడట. నన్ను కూడా, నేనేమీ చూడలేదనీ పోలీసులే రాసుకున్నారనీ చెప్పమంటున్నారు. ఇరుపక్షాలూ కలిసిపోయాక, రక్తసంబంధం కోసం ఆ ఒక్క మాట చెబితే తప్పేమిటని ఇంట్లో అందరూ అంటున్నారు. నాకు తోచడం లేదు.

జవాబు: ముందుగా, మీ ఊరి పెద్దలు చేసిన పనిని నేను చిన్నచూపు చూడను. గట్టు దగ్గర మొదలైన తగాదా రెండు మూడు తరాల పగగా మారితే ఎన్ని ఇళ్లు ఆరిపోతాయో కడప జిల్లాలో పుట్టినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ మంటను మొదట్లోనే ఆర్పడం పుణ్యకార్యమే. మీ ఇంట్లోవారు కోరుతున్న శాంతి కూడా మంచిదే. వారు దాన్ని అబద్ధంతో ముడిపెట్టడం దగ్గరే నాకు అభ్యంతరం. వేరే దారి లేదనుకుని అలా ముడిపెట్టి ఉంటారు. దారి ఉంది.

ఏయే నేరాల్లో రాజీ పడవచ్చో, క్రిమినలు కేసులు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో పట్టిక ఉంది. మామూలు దెబ్బల కేసయితే గాయపడినవాడు ఒప్పుకుంటే చాలు. ఎముక విరగడం వంటి తీవ్ర గాయమైతే కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు. లోక్ అదాలత్‌లోనూ ఇలాంటి కేసులు ముగుస్తాయి. ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్రంగా గాయపరిచినట్టు ఛార్జిషీటు వేసి ఉంటే అది ఆ పట్టికలో ఉండదు. అప్పుడు హైకోర్టుకు వెళ్లి, ఇది ఇద్దరు వ్యక్తుల మధ్య తగాదా, పూర్తిగా సమసిపోయింది కాబట్టి కేసు కొట్టివేయమని ఇద్దరూ కలిసి అడగవచ్చు. హత్య, అత్యాచారం వంటివి కాకుండా, వ్యక్తుల మధ్య తగాదా స్వభావమున్న కేసుల్లో హైకోర్టుకు ఆ అధికారం ఉందని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. దానికి ఖర్చు ఉంది, అమరావతి దాకా తిరుగుడు ఉంది. అయినా ఆ దారిలో ఎవరూ బోనెక్కి అబద్ధమాడనక్కరలేదు.

అన్ని నేరాల్లోనూ రాజీని చట్టం ఎందుకు ఒప్పుకోదన్నదే ఇక్కడ మీరు ఆలోచించవలసింది. బలహీనుడి ఒప్పుదల ఎప్పుడూ స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండదు. అందుకే కొన్ని కేసుల్లో, గాయపడినవాడు మానుకున్నా ప్రభుత్వం మానుకోదు. మీ ఊరి రాజీ ఎలాంటిదో న్యాయమూర్తికి తెలియదు, నాకూ తెలియదు. మీకు తెలుసు. ఆ రైతు పెద్దల ముందు తన మనసులో మాట చెప్పగలిగాడా? ఆ పెద్దలు ఇద్దరికీ పెద్దలేనా, లేక మీ వైపువారేనా? మూడు లక్షలు ఆయన అడిగితే ఇచ్చారా, ఇంత తీసుకుని ఊరుకోమన్నారా? అతను భయంతో తలవంచి ఉంటే, మీరు బోనులో చెప్పే అబద్ధం అతని మీద పడే రెండో దెబ్బ అవుతుంది. అతను మనస్ఫూర్తిగానే ఒప్పుకుని ఉంటే, పైన చెప్పిన తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి అబద్ధం అవసరమే లేదు.

రక్తసంబంధం తేలికైనదని నేననను. చట్టం కూడా దాన్ని కొంత గుర్తించింది. భార్యాభర్తలు ఒకరితో ఒకరు చెప్పుకున్న రహస్యాలను సాధారణంగా కోర్టులో బయటపెట్టమని బలవంతం చేయదు. నేరస్థుడికి ఆశ్రయమిచ్చిన నేరం నుంచి అతని భార్యను మినహాయించింది. మేనమామ కొడుకు దాకా ఆ మినహాయింపు రాదు. అయినా అతనికి మీరు చేయగల సాయం ఎంతో ఉంది. జామీను ఉండండి, లాయరు ఖర్చుకు అప్పు ఇవ్వండి, వాయిదాలకు వెంట వెళ్లండి, ఒకవేళ శిక్ష పడితే అతని చేను, పిల్లలను చూసుకోండి. బంధువుగా మీరు బాకీ ఉన్నది ఇదంతా. మీ ప్రమాణం ఆ బాకీలో లేదు.

ప్రమాణం చేసి అబద్ధ సాక్ష్యం చెప్పడం ఏడేళ్ల వరకు శిక్ష పడదగిన నేరం. మాట మార్చిన సాక్షుల మీద కేసులు పెట్టడం అరుదు కాబట్టి దాన్ని చూపి మిమ్మల్ని భయపెట్టాలని లేదు. నన్ను ఎక్కువగా కలచివేస్తున్నది మీ చేత చెప్పించదలచిన రెండో వాక్యం. "పోలీసులే రాసుకున్నారు" అంటే, మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న ఉద్యోగి మీద, ఈ తగాదాతో ఏ సంబంధమూ లేని మనిషి మీద, నిందారోపణ చేసినట్టు. ఇరుపక్షాలూ కలిసిపోయాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదన్న మీవాళ్ల వాదన అక్కడే కూలిపోతుంది. రేపు నిజంగానే పోలీసులు దొంగ వాంగ్మూలం రాసినప్పుడు, ఆ మాట చెప్పిన నిరపరాధిని కూడా ఎవరూ నమ్మరు.

నిజం చెప్పడమంటే మీ బంధువును ముంచడమని అనుకోవద్దు. చూసినంతే చెప్పండి, చూడనిది కలపకండి. మొదటి దెబ్బ ఎవరిదో చూడకపోతే చూడలేదనండి. అవతలివాడు ముందుగా చెయ్యెత్తి ఉంటే, బూతులు తిట్టి ఉంటే అదీ చెప్పండి, అది మీవాడికి పనికివచ్చే సంగతే. జరిగిన రాజీ గురించి, ఇచ్చిన నష్టపరిహారం గురించి లాయరు కోర్టుకు చెబితే శిక్ష నిర్ణయించేటప్పుడు దాన్ని కూడా పరిగణించే అవకాశం ఉంది.

ఈ మాట మీవాళ్లకు చెప్పినప్పుడు బతిమాలుడు బెదిరింపుగా మారితే, సాక్షుల రక్షణ పథకం ఉందని గుర్తుంచుకోండి. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా అమలు చేయమన్నది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని అడగండి. అంతదాకా రాకముందే, ఈ వారంలోనే మీ మేనమామ కొడుకును వెంటబెట్టుకుని అతని లాయరు దగ్గరకు వెళ్లండి. ఛార్జిషీటులో ఏ సెక్షన్లు ఉన్నాయో చదివించుకుని, రాజీ పిటిషను ఇదే కోర్టులో వేయడానికి వీలుందా, హైకోర్టుకు వెళ్లాలా అని అడగండి. సాక్షుల విచారణ మొదలయ్యేలోపు ఆ పిటిషను పడితే, మీరు బోనెక్కవలసిన అవసరమే రాకపోవచ్చు.